రెండేళ్ల పాప మెడికల్ రిపోర్టు వచ్చింది, 30 రోజుల్లో చెప్పాలి. మీరైతే ఏం చూస్తారు?

డల్లాస్_అమ్మాయి:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పలేదు. నాకు 40, మా ఆయనకి 43. ఇద్దరికీ ఇక్కడి, అంటే అమెరికా సిటిజన్‌షిప్ ఉంది, ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చేవి) ఉన్నాయి. ఇండియా నుంచి దత్తత కోసం ఏజెన్సీ ద్వారా కారాలో (భారత ప్రభుత్వ దత్తత సంస్థ) రిజిస్టర్ అయ్యాం. హోమ్ స్టడీకి (మా ఇంటినీ మమ్మల్నీ చూసి రాసే నివేదిక), ఐ-800ఏ, అంటే విదేశీ దత్తతకి మేం తగినవాళ్లమనే అమెరికా ప్రభుత్వ అప్రూవల్‌కే ఏడెనిమిది నెలలు పట్టింది, ఆ తర్వాత 14 నెలలు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడటమే. అప్రూవల్ 15 నెలలే చెల్లుతుందట కదా, మళ్లీ పొడిగించమని పెట్టుకోవాల్సి వచ్చింది.

పోయిన శుక్రవారం రాత్రి రెఫరల్, అంటే ఒక పాప వివరాలు, వచ్చింది. మహారాష్ట్రలోని ఒక సంస్థలో ఉన్న పాప, 2 ఏళ్ల 4 నెలలు. 96 గంటల్లో రిజర్వ్ చేయాలన్నారు, చేసేశాం. ఇప్పుడు 30 రోజుల్లో మెడికల్ రిపోర్టు మీద, చైల్డ్ స్టడీ రిపోర్టు మీద సంతకం పెట్టి ఒప్పుకోవాలి, లేదంటే వదులుకోవాలి. ఆరు రోజులు అప్పుడే అయిపోయాయి.

రిపోర్టులో ఉన్నది ఇదీ: పదిరోజుల బిడ్డగా దొరికింది, అప్పుడు బరువు 1.9 కిలోలు. ఇప్పుడు 9.2 కిలోలు, ఎత్తు 80 సెంటీమీటర్లు, తల చుట్టుకొలత 45.5. హిమోగ్లోబిన్ 8.6. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి నెగటివ్. గుండెలో చిన్న రంధ్రం, 3 మిల్లీమీటర్ల వీఎస్‌డీ అని రాశారు. చివర్లో ఒకే ఒక్క లైను, "డెవలప్‌మెంటల్ డిలే", అంతే, వివరం లేదు. ఫొటో ఒకటి పంపారు, నవ్వడం లేదు, ఫొటో తీసేవాళ్ల వైపు కూడా చూడటం లేదు.

మా అత్తగారికి 'గుండెలో చిల్లు' అన్న మాట చెవిన పడింది, ఇక అక్కడి నుంచి రోజుకి రెండు ఫోన్లు. మా ఆయనేమో రాత్రంతా ల్యాప్‌టాప్‌లో గ్రోత్ చార్టులు తిరగేస్తున్నాడు, పొద్దున్నే లేచి "మూడో పర్సెంటైల్ కింద ఉంది" అంటాడు (ఆ వయసు పిల్లలు వందమందిలో అట్టడుగు ముగ్గురిలో అని), అదేదో నా తప్పయినట్టు. నేను మాత్రం ఆ ఫొటో చూసి ఒక నిర్ణయానికి వచ్చేశానేమో అని నా మీద నాకే భయంగా ఉంది. ఇలాంటి రిపోర్టు చూసి ఒప్పుకున్నవాళ్లు, వదులుకున్నవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి. ఇంకా పరీక్షలు చేయించమని అడగొచ్చా? సంతకం పెట్టాక ఎన్నాళ్లకి ఇంటికి వస్తుంది?

పిల్లల_డాక్టరు_ఒహాయో:

అమ్మా, నేను పాపను చూడలేదు, కాబట్టి కాగితం మీద కనిపించినంత వరకే చెబుతాను.

మొట్టమొదట, దొరికిన పాప అన్నారు, అంటే ఆ పుట్టినతేదీ ఎవరో డాక్టరు అంచనాగా వేసింది. నెలలు నిండి పుట్టిందో లేదో ఎవరికీ తెలియదు. 1.9 కిలోలంటే నెలలు తక్కువ పుట్టుక అయ్యుండొచ్చు, నెలలు నిండినా కడుపులో సరిగ్గా ఎదగకపోయి ఉండొచ్చు. కాబట్టి మీవారిని ఆ పర్సెంటైల్ గీత దగ్గర రాత్రుళ్లు మేలుకోవద్దనండి.

80 సెంటీమీటర్లంటే సుమారుగా ఏడాదిన్నర ఆడపిల్లకుండే సగటు ఎత్తు. అంటే పాప దాదాపు పది నెలలు వెనక ఉంది. సంస్థల్లో పెరిగే పిల్లలు గడిపిన ప్రతి మూడు నెలలకీ సుమారు ఒక నెల ఎదుగుదల కోల్పోతారని దత్తత పిల్లల్ని చూసే డాక్టర్లు ఒక మోటు లెక్క వాడతారు. 28 నెలలకి ఆ లెక్కన తొమ్మిది నెలలు. అంటే ఈ పొట్టితనంలో ఎక్కువ భాగం ఆ సంస్థ జీవితమే కావొచ్చు, ఇంటి తిండికీ ఒడికీ చాలామంది వేగంగా పుంజుకుంటారు. నేను ముందు చూసేది తల చుట్టుకొలత. 45.5 తక్కువే, కానీ కనిష్ఠ గీతకి పైనే ఉంది. అయితే ఒక్క అంకెతో నాకు ఏమీ తెలియదు. పాప చేరినప్పటి నుంచి తీసిన బరువులు, ఎత్తులు, తల కొలతలు తేదీలతో సహా అన్నీ అడగండి. వాళ్ల దగ్గర రిజిస్టర్ ఉంటుంది. తల తన గీత పట్టుకుని నెమ్మదిగానైనా పెరుగుతూ వస్తే ఒక కథ, ఏడో నెల తర్వాత ఆగిపోయి ఉంటే పూర్తిగా వేరే కథ.

రంధ్రం సంగతి. ఎకో (గుండె స్కాన్) ఏ నెలలో తీశారో రాశారా? పసితనంలో తీసి మళ్లీ తీయకపోతే ఇప్పటికి అది మూసుకుపోయి ఉండొచ్చు కూడా. కండరం మధ్యలో ఉండే చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. పెద్దదైతే పాలు తాగేటప్పుడు చెమటలు పట్టడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం లాంటివి ఉంటాయి, కాబట్టి ఎన్నిసార్లు ఆస్పత్రిలో చేర్చారో అడగండి. కొత్త ఎకో అడగడంలో తప్పేం లేదు, అది నిమిషాల్లో అయ్యే పని.

8.6 హిమోగ్లోబిన్ అంటే ఐరన్ లోపమే కావొచ్చు, కానీ మహారాష్ట్ర అన్నారు కాబట్టి హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష కూడా అడగండి. గడ్చిరోలి, చంద్రపూర్, నందుర్బార్ వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఎక్కువ, అలాంటిదే అయిన థలసీమియా కూడా ఆ పరీక్షలోనే తేలుతుంది. థైరాయిడ్ ఒకటి. చెవి పరీక్ష ఒకటి, ఇది మాత్రం వదలొద్దు, ఎందుకంటే మాటలు రాకపోవడానికి చెవి వినపడకపోవడం కారణమైతే దానికి 'డిలే' అని రాసేసి ఊరుకుంటారు.

ఫొటోలో నవ్వలేదని ఏమీ అనుకోకండి, వీడియో అడగండి. పాప తనంతట తాను నడవాలి, వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, బొటనవేలు చూపుడువేలుతో మరమరాల గింజ తీయాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఏదైనా వస్తువు వైపు వేలు చూపించి ఆయా మొహంలోకి చూడాలి. ఈ చివరిదాన్ని నేను పది నిమిషాల వీడియోలో మూడుసార్లు వెనక్కి తిప్పి చూస్తాను. మాటల లెక్క నేను పెద్దగా పట్టించుకోను, ఒక్క ఆయా అంతమంది పిల్లల్ని చూసుకునే చోట మాటలు ఆలస్యంగానే వస్తాయి.

ఇవన్నీ చూడటానికి దత్తత క్లినిక్‌లు ఉన్నాయి. మిన్నెసోటా యూనివర్సిటీలో 1986లోనే మొదలైంది, అమెరికాలో అదే మొదటిది, ఇప్పుడు పిల్లల కోసం ఉన్న పెద్దాస్పత్రులు చాలావాటిలో ఉన్నాయి. రికార్డులు పంపితే చూసి చెబుతారు. మీకున్న గడువు కూడా చెప్పండి.

నిద్ర_లేని_తల్లి:

డాక్టరు గారు చెప్పినవన్నీ అడగండి, కానీ నా అనుభవంలో మాత్రం కాగితంలో ఉన్నవేవీ మమ్మల్ని ఏడిపించలేదు, కాగితంలో లేనివే ఏడిపించాయి.

మా బాబు ఒడిశా నుంచి. రిపోర్టులో 'మెల్లకన్ను, తక్కువ బరువు' అని ఉంటే కంటి డాక్టర్లు నలుగురిని అడిగి సంతకం పెట్టాం. కంటికి కళ్లద్దాలు, రోజుకి రెండు గంటలు ప్యాచ్, అయిపోయింది. కానీ వాడు వచ్చినప్పుడు ఒంటి నిండా గజ్జి, పళ్లన్నీ పుచ్చిపోయి ఉన్నాయి, కడుపులో పురుగులు. అన్నం ముద్ద నమలడం రాదు, ఎందుకంటే మూడేళ్ల వరకూ మెత్తగా పిసికిందే పెట్టారు. ఆరునెలలు దిండు కింద రొట్టె ముక్కలు దాచుకున్నాడు, నేను రోజూ తీసి పారేసేదాన్ని, ఒకరోజు థెరపిస్టు చెప్పింది పారేయొద్దు, వాడి చేతికందేలా ఒక డబ్బాలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంచమని. ఉంచాను, రెండు నెలలకి డబ్బా జోలికే పోవడం మానేశాడు.

ఇంకొకటి, మనవాళ్లకి అస్సలు అర్థం కాదు. వాడు ఎవరి ఒళ్లోకైనా వెళ్లిపోయేవాడు. గుడిలో, ఉగాది పార్టీలో, అందరూ "ఎంత కలుపుగోలు పిల్లాడో" అని మెచ్చుకునేవాళ్లు. అది కలుపుగోలుతనం కాదండీ, వాడికి అమ్మ అంటే ఎవరో ఇంకా తెలియదు. మొదటి మూడు నెలలు అన్నం పెట్టేది, ఎత్తుకునేది, స్నానం చేయించేది మీరిద్దరే, అత్తగారు ఎంత అలిగినా సరే. మా అత్తగారు అలిగారు, ఆ తర్వాత అంతా వాడు ఆవిడ కొంగు పట్టుకునే తిరిగాడు, అది వేరే సంగతి.

ఇక ఆలస్యం గురించి. మాది కోవిడ్ సమయం, అప్పుడింకా కోర్టు ఆర్డరు ఉండేది, సంతకం పెట్టిన రోజు నుంచి ఇంటికి తేవడానికి 11 నెలలు. ఆ 11 నెలల్లో వాడు పెరిగింది 600 గ్రాములు. వచ్చాక మొదటి మూడు నెలల్లోనే రెండు కిలోలు పెరిగాడు. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, పరీక్షల కోసం అడగాల్సింది ఒకేసారి ఒక జాబితాగా అడిగేయండి, వారానికొకటి అడిగితే ఆ ఆలస్యం పాప ఒంటికే తగులుతుంది.

భాష కూడా. మాకు ఒడియా ఒక్క ముక్క రాదు. ఏం కావాలో చెప్పలేక గోడకి తల కొట్టుకునేవాడు. మీరు ఇప్పటి నుంచే పాణీ (నీళ్లు), భూక్ (ఆకలి), ఝోప్ (నిద్ర), దుఖ్తే (నొప్పిగా ఉంది) లాంటి మరాఠీ మాటలు ఒక నలభై నేర్చుకోండి. నొప్పి ఎక్కడుందో అడగడం రాకపోతే రాత్రి రెండింటికి చాలా కష్టం.

బందరు_బావ:

ఇంత హింస ఎందుకండీ, చుట్టాల్లో ఎవరి బిడ్డనైనా తెచ్చుకోవచ్చుగా. మన హిందూ దత్తత చట్టం 1956 ఉంది, రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రాసుకుంటే ఒక్కరోజు పని. మెడికల్ చరిత్రంతా మన కళ్లముందే ఉంటుంది.

కాగితాల_పులి:

బందరు బావ గారూ, ఈ సలహా వినే మా కజిన్ ఒకాయన మునిగాడు. డీడ్ ఒక్కరోజు పనే, కానీ ఆ డీడ్ పట్టుకుని అమెరికా వీసాకి వెళ్తే తెలుస్తుంది. రెండు దేశాలూ విదేశీ దత్తతల హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, ఇండియా 2003 నుంచి, అమెరికా 2008 నుంచి. అమెరికా సిటిజన్ ఐ-800 (ఫలానా బిడ్డ కోసం పెట్టే ఫారం) ప్రొవిజనల్ అప్రూవల్ రాకముందే దత్తత పూర్తి చేసేసుకుంటే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. చుట్టాల బిడ్డకైనా కారా దారిలోనే వెళ్లాలి. హెచ్-1 వర్క్ వీసా మీద ఉన్నవాళ్లయితే ఇంకా చిక్కు, ఐ-800ఏ పెట్టడానికే భార్యాభర్తల్లో ఒకరు సిటిజన్ అయ్యుండాలి. మా కజిన్ వాళ్ల పాప మూడేళ్లుగా విజయవాడలో అమ్మమ్మ దగ్గరే ఉంది.

ఇన్ని కాగితాలెందుకని తిట్టుకునేవాళ్లకి ఒక మాట. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకి కట్టుబాట్లు పెట్టింది, ఆ దారిలోనే తర్వాత కారా వచ్చింది. అయినా 1999లో, 2001లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే తండాల నుంచి లంబాడా పసిపిల్లల్ని కొని విదేశాలకి పంపిన బాగోతం బయటపడింది. పేదతల్లి చేతిలో కొంత డబ్బు పెట్టి బిడ్డను తీసుకున్నవాళ్లు మన పక్కూరివాళ్లే. ఇప్పుడు దొరికిన బిడ్డను రెండు నెలలు, రెండేళ్లు దాటిన బిడ్డనైతే నాలుగు నెలలు కన్నవాళ్ల కోసం వెతికాకే బాలల సంక్షేమ కమిటీ దత్తతకి అర్హురాలని ప్రకటిస్తుంది. తల్లే అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి 60 రోజులు. ఈ ఆలస్యాన్ని మాత్రం నేనెప్పుడూ తిట్టను. మిగతా వాటిని తిడతాను.

డల్లాస్ అమ్మాయి గారూ, మీ ప్రశ్నకి వస్తే, సంతకం తర్వాత వరస ఇలా నడుస్తుంది. ఐ-800 పెడతారు, దానికి ప్రొవిజనల్ అప్రూవల్, ఆపైన ఢిల్లీ ఎంబసీ నుంచి ఆర్టికల్ 5 లెటర్ (బిడ్డ అమెరికా రావచ్చని ఎంబసీ చెప్పేది), దాంతో కారా అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, ఆ తర్వాత కలెక్టరు దగ్గర దత్తత ఆర్డరు. 2022 సెప్టెంబరు నుంచి కోర్టు లేదు, జిల్లా కలెక్టరే ఇస్తారు, రెండు నెలల్లో ఇవ్వాలని రూలు, కలెక్టరు గారు ఎన్నికల డ్యూటీలో ఉంటే మాత్రం మీ ఫైలు కూడా డ్యూటీలోనే ఉంటుంది. ఆర్డరు వచ్చాక కొత్త బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీసా మెడికల్, దత్తత పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా. మాకు 2023లో మొత్తం ఎనిమిది నెలల పది రోజులు పట్టింది, అందులో ఐదు వారాలు మా స్వయంకృతం. హోమ్ స్టడీలో మా ఇంటిపేరు ఒక స్పెల్లింగు, నా పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు, ఆర్డరులో ఇంటిపేరు మనవాళ్ల పద్ధతిలో ముందుకొచ్చి పొడి అక్షరమైపోయింది. పాస్‌పోర్టు దగ్గర ఆపేశారు, ఆర్డరు సవరణకి మళ్లీ మొదటికి. ఇప్పుడే కూర్చుని ముగ్గురి పేర్లూ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి.

ఒక ఉపాయం చాలామందికి తెలియదు. ఎన్‌ఓసీ వచ్చాక ఆర్డరు రాకముందే, ఇండియాలో ఉండేట్టయితే పాపను ఫోస్టర్ కేర్ (తాత్కాలిక సంరక్షణ) కింద మీ దగ్గరే పెట్టుకోవడానికి వీలుంది. మా ఆవిడ ఆఫీసులో సెలవు పెట్టి పుణెలో అద్దె గది తీసుకుని రెండు నెలలు మా బాబుతో ఉంది. ఆ రెండు నెలలూ ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పన్నం, మరాఠీ కార్టూన్లు. ఇక్కడికొచ్చేసరికి వాడికి మా ఆవిడ అమ్మ అయిపోయింది, నేను ఇంకా 'కాకా'నే (బాబాయినే).

వీసా మెడికల్‌లో రెండేళ్లు దాటిన పిల్లలకి టీబీ రక్తపరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే, అందులో అనుమానం ఉంటే కల్చర్ (ల్యాబులో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూడటం), దానికే ఎనిమిది వారాలు పోతాయి. అందుకని విమానం టికెట్లు నాన్ రిఫండబుల్ కొనకండి, నేను కొన్నాను. టీకాల గురించి కంగారు వద్దు, పదేళ్ల లోపు దత్తత పిల్లలకి వచ్చాక 30 రోజుల్లో వేయిస్తామని అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. ఇన్సూరెన్సులో కూడా 30 రోజుల్లోపే చేర్పించుకోవాలి, పాత జబ్బు అని తోసిపుచ్చడానికి వాళ్లకి వీల్లేదు.

పిల్లల_డాక్టరు_ఒహాయో:

పైవాళ్లు మంచి మాటలు చెప్పారు, రెండు చేరుస్తాను. వచ్చిన రెండు వారాల్లోపు హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ, సిఫిలిస్, మలపరీక్ష, సీసం, విటమిన్-డి అన్నీ మళ్లీ చేయించండి, అక్కడ నెగటివ్ ఉన్నా సరే. హెపటైటిస్‌లు, హెచ్‌ఐవీ ఆరు నెలలకి ఇంకోసారి. టెక్సస్‌లో ఈసీఐ (ఎదుగుదలలో వెనకబడ్డ పసిపిల్లలకి సాయం చేసే కార్యక్రమం) వాళ్లు మూడేళ్లు నిండేవరకే చూస్తారు, మీ పాప వచ్చేసరికి మూడు నిండుతాయి కాబట్టి నేరుగా స్కూల్ డిస్ట్రిక్టునే అసెస్‌మెంట్ అడగండి.

ఇంకొకటి ఇప్పుడు అక్కర్లేదు గానీ గుర్తుంచుకోండి. బక్కచిక్కి వచ్చి గబగబా పుంజుకున్న ఆడపిల్లలు కొందరు త్వరగా పెద్దమనిషి అవుతారు. స్వీడన్‌కి ఇండియా నుంచి దత్తత వెళ్లిన అమ్మాయిల్లో ఇది 1991లోనే రాశారు. ఏడెనిమిదేళ్లప్పుడు మీ డాక్టరుకి గుర్తు చేయండి, వాళ్లకి తట్టకపోవచ్చు.

డల్లాస్_అమ్మాయి:

అందరికీ థాంక్స్. ఇవాళ 24వ రోజు, జరిగింది చెబుతాను.

డాక్టరు గారు చెప్పినవన్నీ ఒకే ఈమెయిల్‌గా ఏజెన్సీకి పంపాను. వారంలో రిజిస్టర్ పేజీల ఫొటోలు వచ్చాయి, నెలనెలా కొలతలు చేత్తో రాసినవి. తల నెమ్మదిగానైనా ఆగకుండా పెరిగింది. ఎత్తు 11వ నెల దగ్గర ఒకసారి ఆగింది, ఆ నెలలో ఆస్పత్రిలో చేర్చారు, విరేచనాలు అని రాసుంది. కొత్త ఎకోలో రంధ్రం 2 మిల్లీమీటర్లు, ఏడాదికోసారి చూస్తే చాలన్నారు. సికిల్ సెల్ లేదు, థలసీమియా ట్రెయిట్ (జబ్బు కాదు, ఆ జన్యువు మాత్రమే) ఉంది, అది మా ఆయనకీ ఉంది, ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ని గుండెలు బాదుకుని చూడలేదు. చెవి పరీక్షలో ఎడమ చెవి సరిగ్గా రాలేదు, మళ్లీ చేయాలన్నారు. దాని కోసం ఆగలేదు. ఒక చెవి వినపడకపోతే మేం ఏం చేస్తాం అని మమ్మల్ని మేమే అడిగి చూసుకున్నాం, చెవి మెషీను పెట్టిస్తాం అనుకున్నాం, అంతే.

వీడియో వచ్చింది. పేరు పిలిస్తే వెంటనే తిరగలేదు, రెండోసారి తిరిగింది. కిటికీ మీద పావురం వాలితే వేలు చూపించి ఆయా మొహంలోకి చూసింది. మా ఆయన దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పాడో లెక్కలేదు, ఆ చార్టుల ల్యాప్‌టాప్‌లోనే.

నిన్న సంతకాలు పెట్టాం. అత్తగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "2 మిల్లీమీటర్లంటే ఎంత, ఆవగింజంతా?" అని అడిగారు, అంతే అన్నాను.

కాగితాల పులి గారూ, మీరు చెప్పినట్టే పేర్లు సరిచూద్దామని కూర్చున్నాం. మా ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరుకి రెండు ఎల్‌లు, నాదాంట్లో ఒకటే, హోమ్ స్టడీలో మూడో స్పెల్లింగు ఉంది. ఇది ఏజెన్సీ వాళ్లే సరిచేస్తారా, లేక నేను అఫిడవిట్ పెట్టాలా?